మూడవ పిన్ను

మీ మందిరములో మైకు ఉన్నయెడల ఈ మ్రోతను మీరును వినియుందురు. ఎవరును నోరు తెరవకముందే బాక్సులోనుండి గుయ్యిమని ఎడతెగక వచ్చు మ్రోత అది. అందరును కన్నులు మూసి మౌనముగా నుండు సమయమున అది మరింత పెద్దదిగా వినబడును. దానిని ఎట్లయినను ఆపవలెనని మనకు తోచును. నేనును అట్లే తలంచి ఒక తప్పు చేసితిని. దాచక చెప్పెదను.

తనకల్లులో మా కోతపండుగకు ముందు మైకు చూచు పడుచువాడు యాంప్లిఫయరు ప్లగ్గును ఊడదీసి, మూడు పిన్నులలో లావుగా నున్న పై పిన్నును పీకివేసెను. మ్రోత తక్షణమే నిలిచెను. నేను వానిని మెచ్చుకొని, మిక్సరు ప్లగ్గునకును అట్లే చేయించితిని. పండుగ చక్కగా జరిగెను. సంఘమంతయు సంతోషించెను.

కొన్ని వారములకు ఒక సాయంకాలము వాన కురిసెను. తడికాళ్లతో వచ్చిన ఒక చిన్నది బండలమీద నిలిచి, పాడుటకు మైకు పట్టుకొని చప్పున వదలివేసెను. “అయ్యగారూ, చెయ్యి జుమ్మంటాంది” అనెను. నా గుండె ఝల్లుమనెను. వెంటనే స్విచ్చి ఆర్పించితిని. ఆ రాత్రి మైకు లేకయే పాడితిమి.

మరునాడు వచ్చిన కరెంటు పనివాడు పెట్టెలను ముట్టక, మొదట ప్లగ్గులను చూచి, “ఎర్తు పిన్ను ఎవరు పీకినారు అయ్యగారూ?” అని అడిగెను. నేను తల వంచుకొంటిని.

అతడు చెప్పినదేమనగా: మనకు వచ్చు కరెంటు 230 వోల్టులది, అది సెకనుకు 50 మారులు ఇటునటు ఊగును. ఆ ఊగులాటయే మనకు మ్రోతగా వినబడును. మా మిక్సరు వేదికయొద్ద ఒక ప్లగ్గులోను, యాంప్లిఫయరు తలుపుయొద్ద మరియొక ప్లగ్గులోను ఉండెను. రెండును వేర్వేరు దారులలో నేలకు చేరినవి. ఏదియు చెడ్డది కాదు. అయితే రెంటి నడుమ కొద్దిపాటి భేదముండగా, వాటిని కలుపు శబ్దపు తీగ తొడుగుగుండ సన్నని కరెంటు పారును. యాంప్లిఫయరు దానినే పెద్దదిగా చేసి వినిపించును.

పిన్ను పీకగా ఆ దారి తెగి మ్రోత ఆగినది, నిజమే. కాని ఆ పిన్ను పెట్టబడినది వేరొక పనికి. లోపల తీగ ఊడి ఇనుప పెట్టెకు తగిలిన దినమున, ఆ కరెంటును నేలకు దింపి ఫ్యూజు పోవునట్లు చేయుటయే దాని పని. అది లేనప్పుడు 230 వోల్టులును మైకు తీగవెంట పాడువారి చేతికి రావచ్చును. 1972 మే నెలలో లెస్ హార్వీ అను గిటారు వాద్యకారుడు వేల్సు దేశపు స్వాన్సీ పట్టణమున, సరిగా ఎర్తు లేని మైకును ముట్టి వేదికమీదనే మరణించెను. 2005 అక్టోబరు 30న అమెరికాలోని వేకో పట్టణమున, కైల్ లేక్ అను 33 ఏండ్ల పాస్టరు బాప్తిస్మపు నీటిలో నిలిచి మైకును ముట్టగా విద్యుదాఘాతమున చనిపోయెను.

మా మందిరములో ఆ పనివాడు క్రొత్త ప్లగ్గులు వేసి, మిక్సరును యాంప్లిఫయరును ఒకే బోర్డునకు, ఒకే ఎర్తునకు కలిపెను. మైకు తీగను కరెంటు తీగకు దూరముగా జరిపెను. 30 మిల్లీ ఆంపియర్లు ప్రక్కదారి పట్టినను కరెంటును ఆపివేయు స్విచ్చిని పెట్టెను. మన మెట్టనేల ఎండకాలమున ఎండిపోవును గనుక ఎర్తు గుంటకు నీళ్లు పోయుచుండుమనెను. మ్రోత పోయినది, పిన్నులు నిలిచినవి.

సహోదరులారా, మ్రోత మనకు విసుగు మాత్రమే. ఆ విసుగు తీర్చుకొనుటకు నేను ఒక బిడ్డ ప్రాణమును పణముగా పెట్టితిని. శబ్దము లేకపోవుటయే సమాధానమని తలంచితిని.

సంఘములోను ఇట్లే జరుగును. కోశాధికారి యొక పుస్తకము వ్రాయును, పెద్దలు మరియొకటి వ్రాయుదురు. ఇద్దరును యథార్థవంతులే. రెంటికి నడుమ కొద్ది భేదము రాగా సణుగుడు పుట్టును. ప్రతి కూటములోను ఒక ముసలి పెద్ద లేచి లెక్క అడుగును. “ఇతనిని కూర్చుండబెట్టిన నెమ్మదిగా నుండును” అని మనమందుము, నేనును అనుకొంటిని. అతనిని కూర్చుండబెట్టితిమా, కూటము నెమ్మదించును. కాని నిజముగా దొంగతనము జరుగు దినమున ఆపువాడెవడు? మంచి దినములన్నిటను అక్కర లేనివానివలె కనబడువాడే ఆ ఒక్క దినమునకు కావలసినవాడు. రెండు పుస్తకములను ఒకటిగా చేయుడి. అడుగువానిని మాత్రము తీసివేయకుడి.

మన హృదయములోను అట్టి పిన్ను ఒకటి కలదు. అది గ్రుచ్చినప్పుడు పీకివేయవలెనని తోచును.

ఈ ఆదివారము ఆరాధనకు ముందే మీ మందిరపు ప్లగ్గులను చూడుడి. మూడవ పిన్ను లేనియెడల, దానిని వేయించువరకు మైకు లేకయే పాడుడి. మన కంఠములు చాలును.