అన్నా, నువ్వు

మలయ్ భాష నేర్చుకునేవాళ్లు ముందుగా తడబడేది ‘నువ్వు’ దగ్గరే. అవక్, కాము, ఎంకావ్, అండా అని పుస్తకంలో నాలుగు మాటలుంటాయి. తీరా మనుషుల మధ్యకి వెళితే చాలాసార్లు ఈ నాలుగూ వినపడవు. పెద్దాయనైతే ‘పాక్ చిక్’, అక్క వయసామైతే ‘కాక్’ అంటారు, అంతటితో పని జరిగిపోతుంది. హెచ్చుతగ్గులు లేకుండా అందరికీ చెల్లాలని ఇండోనేషియాలో 1957లో ‘అండా’ను వాడుకలోకి తెచ్చారు. అది ప్రకటనల్లో, ఫారాల్లో కుదురుకుంది గాని ఇంటి గడప తొక్కలేదు. మర్యాద ఉండేది సర్వనామంలో కాదు, దాని పక్కనుండే వరస మాటలో అని నా వాదన. దానికి మలేషియా దాకా వెళ్లక్కర్లేదు, ఆదోని చాలు.

ఆదోని 1953 అక్టోబర్ 1 దాకా బళ్లారి జిల్లాలోదే. తెలుగు, కన్నడ, దక్కనీ ఉర్దూ అక్కడ ఒకే బజారులో తిరుగుతాయి. పత్తి మార్కెట్ యార్డులో రైతు దళారితో “అన్నా, నువ్వే చెప్పు రేటు” అంటాడు. ఎమ్మిగనూరులో మగ్గం మీదున్న తండ్రిని ఎదిగిన కొడుకు “నాయనా, నువ్వు తిన్నావా” అనే అడుగుతాడు. దక్కనీలో ‘ఆప్’ లేక కాదు, అయినా “భాయ్, తుమ్ బోలో” అంటే ఎవరూ నొచ్చుకోరు. వ్యాకరణ పట్టికలో ఈ భాషల లెక్కలు వేరు, నోటి మీద మాత్రం పద్ధతి ఒకటే.

ఇది సీమ మొరటుతనమని కోస్తావాళ్లు కొందరంటారు. మొరటుతనమే అయితే కోపం వచ్చినప్పుడు ఏది మారుతుందో చూడాలి. ‘నువ్వు’ అలాగే ఉంటుంది, ‘అన్నా’ రాలిపోతుంది. నిన్నటిదాకా నువ్వన్న కొడుకు ఇవాళ తండ్రిని ‘మీరు’ అన్నాడంటే ఆ ఇంట్లో ఏదో తెగిందని వీధివాళ్లకి కూడా తెలిసిపోతుంది.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది. వరస మాట అందరికీ దక్కలేదు. భూమున్న ఇంటి పిల్లాడు దళితవాడ ముసలాయన్ని పేరు పెట్టి “ఒరే, నువ్వు” అంటే, ఆయన “అయ్యా” అని పలికిన కాలం మరీ పాతదేం కాదు. అందుకే ‘మీరు’ కావాలి, అందరికీ కావాలి అంటారు. ఆఫీసు కౌంటరు దగ్గర, పోలీస్ స్టేషన్‌లో అది కావలసిందే, కాదనను. కానీ అదే ముసలాయన్ని సొంత మనవడూ నువ్వనే అంటాడు, “తాతా, నువ్వు” అని. భూమున్న ఇంటి పిల్లాడి మాటలో అవమానం చేసింది ‘నువ్వు’ కాదు, ఎగ్గొట్టిన ‘తాతా’. ఆ లోటు ఉట్టి ‘మీరు’తో పూడదు. విసుగ్గా, ముఖం చూడకుండా అనే ‘మీరు’ ఎలా ఉంటుందో కౌంటరు ముందు నిలబడ్డ ఎవరినడిగినా చెబుతారు.

కాబట్టి తెలుగు నేర్పే పుస్తకాలు నువ్వు, మీరు పట్టికతో పాఠం ముగించకూడదు. ఆదోనికి కొత్తగా బదిలీ మీద వచ్చే ఉద్యోగికి, వయసు మీరిన కూలీని ‘తాతా’ అని పిలవడం కూడా ఆ పాఠంలోనే నేర్పాలి.