ఎవరూ పిలవని అరగంట

పగలు పది గంటలకి మా వీధిలో మనుషులుండే ఇల్లు ఒక్కటే. పిల్లలు బళ్ళకీ పెద్దవాళ్ళు ఆఫీసులకీ వెళ్ళిపోయాక డాలస్ శివార్లలోని ఇలాంటి వీధుల్లో గడ్డి కోసే మెషిన్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. మా పక్కింట్లో మాత్రం అప్పుడే లెక్కల క్లాసు నడుస్తూ ఉంటుంది. మేం ఈ ఇల్లు కొనుక్కున్నప్పుడు వాళ్ళకి ఐదుగురు పిల్లలు. ఇప్పుడు ఎనిమిది మంది. ఒక్కరు కూడా బడికి వెళ్ళరు.

ఇంటి నుంచే పని చేస్తాను కాబట్టి ఆ బడి కొంత నా కిటికీలోంచి కనిపిస్తుంది. వంటింటి పక్కనున్న పొడుగాటి బల్లే తరగతి గది. సాక్సన్ మ్యాథ్ పుస్తకాలు ఒకరి తర్వాత ఒకరికి దిగుతూ వస్తాయి, మన ఇళ్ళలో అన్న చొక్కా తమ్ముడికి దిగినట్టు. ఫ్రిజ్ మీద పనుల పట్టిక: గిన్నెలు ఎవరు, బట్టలు మడతపెట్టేదెవరు, కుక్కని తిప్పేదెవరు. వారానికోసారి అందరూ పెద్ద వ్యానెక్కి లైబ్రరీకి వెళ్ళి చక్రాల బండి నిండా పుస్తకాలు తెచ్చుకుంటారు. తల్లి నడిపిల్లలకి భిన్నాలు చెబుతుంటే, పద్నాలుగేళ్ళ పెద్దమ్మాయి ఒక చేత్తో చంటిదాన్ని ఎత్తుకుని, రెండో చేత్తో ఐదేళ్ళవాడి వేలు పట్టుకుని అక్షరాలు దిద్దిస్తుంది.

మా రెండో కాన్పుకని వచ్చిన అమ్మ వారం తిరిగేసరికి ఆ ఇల్లు కనిపెట్టేసింది. అమ్మకి ఇంగ్లీషు రాదు. చంటిపిల్లలకి అది అక్కర్లేదు. పులిహోర గిన్నెతో మొదలైన రాకపోకలు రోజూ ఓ గంట అక్కడ కూర్చునేదాకా వెళ్ళాయి. మొదటి రోజు తిరిగొచ్చి అమ్మ చెప్పింది ఒకటే: “ఆ పెద్దపిల్ల అందరికీ పెట్టాక తింటోందిరా.”

మనలాంటి చదువుకున్న నగరవాసులకి ఈ కుటుంబాన్ని వెక్కిరించడం చాలా తేలిక. ఎనిమిది మంది పిల్లలనగానే ఒక నవ్వు, బడికి పంపరనగానే ఇంకో నవ్వు. నేనూ నవ్వాను. టెక్సస్‌లో వీళ్ళని అడిగే అధికారి లేడు. హోమ్‌స్కూల్ కూడా ఒక ప్రైవేటు బడే అని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లో లీపర్ కేసులో ఒప్పుకుంది. చదవడం, స్పెల్లింగు, గ్రామర్, లెక్కలు, మంచి పౌరుడిగా ఉండటం, ఈ ఐదూ చిత్తశుద్ధితో చెబితే చాలు. రిజిస్ట్రేషన్ లేదు, పరీక్ష లేదు. కోడ్ రివ్యూ లేకుండా ప్రొడక్షన్‌లోకి పంపినట్టే కదా అని మా ఆఫీసులో జోకేశాను కూడా.

అయితే ఆ పిల్లలు బాగానే చదువుతారు. పదేళ్ళవాడు నాతో గ్రహణాల గురించి మాట్లాడతాడు, పెద్దవాళ్ళ కళ్ళలోకి చూసి. కాబట్టి “వీళ్ళకి చదువొస్తుందా?” అనేది నా ప్రశ్న కాదు. అమ్మ చెప్పిన ఆ ఒక్క వాక్యం తర్వాత నా ప్రశ్న వేరు. ఇల్లే బడి అయినప్పుడు, ఆ ఇల్లు పెరుగుతూ పోతున్నప్పుడు, పెద్దపిల్ల సమయం ఎవరిది?

ఈ ప్రశ్న కొత్తది కాదు. ప్రపంచంలో అందరికన్నా పేరుపొందిన హోమ్‌స్కూల్ పిల్లవాడు బహుశా జాన్ స్టూవర్ట్ మిల్. తొమ్మిది మంది పిల్లల్లో పెద్దవాడు. మూడేళ్ళకి గ్రీకు మొదలుపెట్టించాడు వాళ్ళ నాన్న జేమ్స్ మిల్. అదే బల్లకి అటువైపు కూర్చుని ఆయన రాస్తున్నది మన గురించే: ఇండియా మొహం చూడకుండా రాసిన ‘ది హిస్టరీ ఆఫ్ బ్రిటిష్ ఇండియా’. పిల్లవాడు వాడుకోగలిగిన నిఘంటువు లేదు కాబట్టి ప్రతి గ్రీకు మాటకీ అర్థం ఆయన్నే అడగాలి. ఆయనా అంత సహనం లేని మనిషే అయినా, రాస్తున్నది ఆపి చెప్పేవాడట. ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు ఆయన మీద కోపం కొంచెం తగ్గుతుంది.

ఎనిమిదో ఏట లాటిన్ మొదలవగానే ఈ పెద్దకొడుకు తను నేర్చుకుంటూనే చెల్లెలికి నేర్పాలి. ఆ తర్వాత మిగతా తమ్ముళ్ళు, చెల్లెళ్ళు వరసగా అతని క్లాసులో చేరారు. వాళ్ళకి పాఠం రాకపోతే బాధ్యత ఇతనిదే. 1873లో వచ్చిన ఆత్మకథలో దీని గురించి మిల్ చాలా నిజాయితీగా రాశాడు. ఆ పని తనకి అస్సలు నచ్చేది కాదన్నాడు. చెప్పడం వల్ల తనకి పాఠాలు గట్టిగా వచ్చాయని ఒప్పుకున్నాడు. అయినా పిల్లల చేత పిల్లలకి చదువు చెప్పించే పద్ధతిని తన అనుభవం సమర్థించదనీ, ఆ సంబంధం చెప్పేవాడికీ వినేవాడికీ కూడా నైతికంగా మంచి శిక్షణ కాదనీ తేల్చేశాడు.

దీనికి మనవైపు నుంచి ఒక కొస ఉంది. పెద్దపిల్లలు చిన్నపిల్లలకి చెప్పడం మన వీధిబళ్ళలో మామూలు. మద్రాసు ఎగ్మోరులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ ఆ పద్ధతిని చూసి, అక్కడ వాడి, 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. ‘మద్రాసు పద్ధతి’ అనే పేరుతో అది ఇంగ్లండంతా పాకింది. ఇదే కోవకి చెందిన లాంకాస్టర్ బళ్ళకి జేమ్స్ మిల్ గట్టి మద్దతుదారు. అంటే తండ్రి దేశానికంతటికీ మంచిదన్న పద్ధతిని, దాన్ని ఇంట్లో అనుభవించిన కొడుకు కాదన్నాడు. సిద్ధాంతం తండ్రిది, గంటలు కొడుకువి.

ఆ ఆత్మకథలో ఇంకో విషయం ఉంది. ఉంది అనకూడదేమో, లేదు అనాలి. తొమ్మిది మందిని కన్న తల్లి గురించి ఆ పుస్తకంలో దాదాపు ఏమీ లేదు.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. గుడివాడ దగ్గర ఒక పల్లెటూళ్ళో ఆరుగురు పిల్లల్లో పెద్దది. ఏడో తరగతి పరీక్ష రాసి బడి మానేసింది. చిన్నమావయ్యకి ‘పెద్దబాలశిక్ష’లోంచి అక్షరాలు దిద్దించింది అమ్మే. ఆయన బ్యాంకులో ఆఫీసరయ్యాడు. నా ఇంజనీరింగ్ ఫీజులో రెండేళ్ళది ఆయనే కట్టాడు. అంటే లెక్క విప్పుకుంటూ వెనక్కి వెళితే, నేను ఇవాళ డాలస్‌లో కూర్చుని మిల్‌ని చదవగలగడం వెనక అమ్మ చదవని ఎనిమిదో తరగతి ఉంది. ఈ కథని నేను చాలామందికి చెప్పాను. చెప్పినప్పుడల్లా ‘త్యాగం’ అనే మాట వాడాను. అమ్మ ఎప్పుడూ ఆ మాట వాడలేదని మొన్న మొన్ననే గమనించాను. లాభం పొందినవాళ్ళకే ఆ మాట అవసరం.

ఒక రాత్రి చంటిదాన్ని ఊపుతూ అడిగాను, “నిన్నెవరు మాన్పించారమ్మా?” అని.

“ఎవరూ మాన్పించలేదురా. నేనే మానేశాను. అప్పుడే మీ చిన్నమావయ్య పుట్టాడు. అమ్మ లేవలేకపోయేది.”

అంతే. ఫిర్యాదు లేదు. పన్నెండేళ్ళ పిల్లని ఆ రోజు ఏ జడ్జి పిలిచి అడిగినా అదే చెప్పి ఉండేది.

జడ్జి అని ఊరికే అనలేదు. 1972లో అమెరికా సుప్రీంకోర్టుకి విస్కాన్సిన్ వర్సెస్ యోడర్ అనే కేసు వచ్చింది. ఆమిష్ తల్లిదండ్రులు ఎనిమిదో తరగతి తర్వాత పిల్లల్ని బడి మాన్పించారు. చట్టం పదహారేళ్ళదాకా చదవాలంది. ఒక్కొక్కరికి ఐదు డాలర్ల జరిమానా వేశారు. కేసు పైదాకా వెళ్ళి, చివరికి తల్లిదండ్రులే గెలిచారు. ఇంటి చదువుల వాళ్ళు ఇప్పటికీ తమ హక్కు కోసం చూపించే తీర్పుల్లో అదొకటి. జస్టిస్ డగ్లస్ మాత్రం కొంతమేరకు విభేదించాడు. ఆ ముగ్గురు పిల్లల్లో కోర్టులో సాక్ష్యం చెప్పింది ఒక్కరే, మిగతా ఇద్దరి మాటేమిటి అని అడిగాడు. ఆ పిల్లల్లో ఎవరికైనా పియానో వాయించాలనో, అంతరిక్షంలోకి వెళ్ళాలనో ఉండొచ్చు కదా, వాళ్ళని అడగొద్దా అన్నాడు.

డగ్లస్ మాట నాకు చాలా ఏళ్ళు సరైన జవాబులా అనిపించింది. పిల్లని అడగండి, అంతే. అమ్మ జవాబు విన్నాక అది సరిపోదని తెలిసింది. అడగడం మంచిదే. కానీ ‘కాదు’ అనడం ఎప్పుడూ అలవాటు లేని పిల్లని ఒకే ఒక్కసారి, అదీ అంత పెద్ద విషయంలో అడిగితే, వచ్చే ‘ఔను’కి విలువెంత? చిన్న విషయాల్లో రోజూ కాదనగలిగితేనే పెద్ద విషయంలో చెప్పిన ఔను నిజమైన ఔను అవుతుంది.

పక్కింటి పెద్దమ్మాయి దగ్గరకి వస్తాను. రోజూ మధ్యాహ్నం రెండింటికి ఆ పిల్ల ఒక్కతే ఆగి ఉన్న వ్యానులోకి వెళ్ళి తలుపేసుకుని కూర్చోవడం నా కిటికీలోంచి చూశాను. మొదట కొంచెం భయమేసింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. ఓ రోజు వాళ్ళమ్మ చెత్తడబ్బా బయట పెడుతుంటే మొహమాటపడుతూనే అడిగేశాను. ఆవిడ నవ్వింది. అది దాని అరగంటట. ఇల్లంటుకుంటే తప్ప ఎవరూ తలుపు తట్టకూడదని రూలు. కిందటేడు ఒకరోజు ఆ పిల్ల స్నానాలగదిలో గంటసేపు గడియ పెట్టుకుని ఉండిపోయిందట. “పొద్దస్తమానం నా పక్కనే ఉంటుంది కాబట్టి దాని సంగతి నాకు తెలుసనుకున్నాను” అంది ఆవిడ. ఆ మర్నాటి నుంచీ ఈ అరగంట. అప్పుడు చంటిపిల్ల ఏడ్చినా, కూర మాడినా సరే. వ్యానులో ఏం చేస్తుందని ఎవరూ అడగరు. పుస్తకం చదువుతుందనుకుంటాను. నేనూ అడగలేదు.

ఇది అమ్మకి చెప్పాను. జాలిపడుతుందనుకున్నాను, లేదా అరగంటేనా అంటుందనుకున్నాను.

“అరగంటా?” అంది. కాసేపాగి మళ్ళీ, “రోజూనా?”

తర్వాత మాటల్లో ఏడో తరగతి దాకా బడి ఎలా ఉండేదని అడిగితే చెప్పింది: “ఏం నేర్చుకున్నానో పెద్దగా గుర్తు లేదు. గంట కొట్టేదాకా నన్ను ఎవరూ పిలిచేవాళ్ళు కాదు.”

బడి గురించి ఇన్ని వ్యాసాలు చదివాను గాని ఈ మాట ఎక్కడా తగల్లేదు. బడి ఇచ్చేది చదువనీ స్నేహితులనీ క్రమశిక్షణ అనీ వాదించుకుంటాం. పెద్దకుటుంబంలోని పెద్దపిల్లకి అది ఇచ్చేది ఇంకొకటి: ఇంటి అవసరాలు అందుకోలేని కొన్ని గంటలు. ఇల్లే బడి అయినప్పుడు ఆ గోడ పోతుంది. ప్రేమ ఎంతున్నా పోతుంది. నిజానికి ప్రేమ ఎక్కువున్న ఇంట్లోనే తొందరగా పోతుంది, ఎందుకంటే అక్కడ ఎవరూ బలవంతపెట్టక్కర్లేదు. మిల్‌కి ఆడుకోవడానికి రోజూ తీరిక ఉండేదట, కానీ సెలవుల్లేవు. పొద్దుటి షికారు కూడా తండ్రికి ముందురోజు చదివింది అప్పజెప్పడానికే.

ఇది చదివి “చూశారా, అందుకే బడికి పంపాలి” అనేసేవాళ్ళకి ఒక మాట. నేను ఇంటర్ చదివింది విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో. పొద్దున్న ఆరింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్. ఇంటికి అందని గంటలు బోలెడు. అవన్నీ కాలేజీవి. రెండేళ్ళలో నాదంటూ తలుపేసుకున్న అరగంట ఒక్కటి గుర్తు రావట్లేదు. అంచేత ఇల్లా, బడా అనేది అసలు గీత కాదు. పిల్లకి చెందిన సమయం మీద ఎవరికీ, తల్లిదండ్రులకీ ప్రభుత్వానికీ ర్యాంకులకీ హక్కులేని ఒక ముక్క ఉందా లేదా అన్నదే గీత. బడికి పంపేవాళ్ళం, ఆ ముక్క బళ్ళో ఉంటుందిలే అని పట్టించుకోం. హోమ్‌స్కూల్ చేసేవాళ్ళకి ఆ సౌకర్యం లేదు. వాళ్ళు దాన్ని చేత్తో కట్టాలి. మా పక్కింటావిడ ఆలస్యంగానే అయినా కట్టింది. నేను జోకులేస్తూ కూర్చున్నాను.

పెద్దపిల్ల పనిచేయకూడదని నేననట్లేదు. పక్కింటమ్మాయి తమ్ముడికి అక్షరాలు దిద్దించేటప్పుడు ఆ పిల్ల మొహంలో ఉండే శ్రద్ధ నేను చూశాను. అమ్మకీ చిన్నమావయ్యకీ మధ్య ఉన్నది ఏ బడీ ఇవ్వలేదు. ఆ దగ్గరితనం నిజం. కాదనే వీలు లేకపోవడమూ నిజం. మొదటిది చూపించి రెండోదాన్ని చెరిపెయ్యకూడదు.

కిందటి గురువారం నేను కాల్‌లో ఉన్నాను. మా ఆవిడ స్నానానికి వెళ్ళింది. చంటాడు లేచి ఏడుపందుకున్నాడు. మా ఏడేళ్ళది బల్ల దగ్గర బొమ్మ వేసుకుంటోంది. మైకు మ్యూట్ చేసి, “తమ్ముణ్ణి కాస్త ఊపవా నాన్నా” అన్నాను.

“నేను గుర్రం వేస్తున్నాను” అంది తలెత్తకుండా.

“నువ్వు పెద్దక్కవి కదా” అనే మాట నోటిదాకా వచ్చింది. ఈ ఐదు నెలల్లో అది ఎన్నిసార్లు అన్నానో, అన్నప్పుడల్లా అది ఎంత గర్వంగా లేచి వెళ్ళిందో గుర్తొచ్చింది. ఆ గర్వం నాకెంత సౌకర్యంగా ఉందో కూడా.

వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వస్తోంది. “నువ్వెళ్ళరా. దాన్ని వెయ్యనీ” అంది.

కాల్‌లో వాళ్ళకి రెండు నిమిషాలని చెప్పి లేచాను. అక్టోబర్‌లో అమ్మ వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఆ మాట నాకు నేను చెప్పుకోవాలి. చెప్పుకుంటానో లేదో చూడాలి.