విత్తనిది ఎంత కోసుకోవచ్చు?



చెరువు కట్ట పక్కన పొన్నగంటి కూర మొలుస్తుంది. చేనులో తుమ్మికూర, గురుగు కూర మొలుస్తాయి. ఎవరూ విత్తలేదు, ఎవరూ నీరు పోయలేదు. "దేవుడిచ్చింది" అంటూ కోసుకుంటాం. ఆ మాట నిజమే. అయితే దేవుడిచ్చినదాన్ని ఒక్కరే ఎంత కోసుకోవచ్చు? ఈ ప్రశ్నను నా ముందుంచింది మా విచారణలోని ఒక ముసలమ్మ.

2020లో కరోనా భయం మనందరికీ గుర్తుంది. తిప్పతీగ కషాయం తాగితే మంచిదని ఇంటింటా చెప్పుకున్నారు. ఆ రోగానికి అది మందని రుజువు కాలేదు. పైగా 2021లో, దాన్ని వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్న సంగతిని ముంబయి వైద్యులు వైద్య పత్రికలో ప్రచురించారు. అప్పటికి నాకు ఇదేమీ తెలియదు. మా గుడి ప్రహరీ మీద ఎన్నో ఏళ్లుగా ఆ తీగ పాకి ఉండేది. దారినపోయేవారు తుంచుకుపోవడం చూసి, రేపటికి మిగలదేమోనని నేనే కత్తి పట్టుకుని వెళ్లాను. మొదలుతో సహా పీకి రెండు సంచులు నింపాను. వాడింది పిడికెడు. మిగతాది గదిలో బూజు పట్టింది.

కొన్నాళ్లకు ఆ ముసలమ్మ వచ్చింది. ఒంట్లో నలతగా ఉన్నప్పుడల్లా ఆ గోడ దగ్గరికి వచ్చి ఒక ముక్క తెంపుకుపోవడం ఆమెకు అలవాటు. బోసిగోడ చూసి, "మూరెడన్న ఉంచకపోతిరి గదా, ఫాదర్!" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ రాత్రి సెమినరీలో చదివిన పాఠం జ్ఞాపకానికి వచ్చింది. ఎన్నడూ ఎవరి సొత్తూ కానిది, సముద్రపు ఒడ్డున దొరికే రత్నంలాంటిది, దొరికినవారిది కావచ్చునని పునీత థామస్ అక్వినాసు 13వ శతాబ్దంలో రాశారు. నాకు కావలసిన సమర్థన దొరికిందనుకున్నాను. కాని ఆయనే అదే చర్చలో ఇంకొక మాట చెప్పారు: మనిషి తన దగ్గరున్న వస్తువులను అందరివిగా ఎంచి, అవసరంలో ఉన్నవారికి ఇవ్వడానికి సిద్ధంగా ఉండాలి. మొదటి మాట నాకు తీగనిచ్చింది. రెండో మాట నన్ను దోషిగా నిలబెట్టింది.

మన పాత వరంగల్ జిల్లాలోని తాడ్వాయి, ఏటూరునాగారం అడవులను తలచుకోండి. అవి 2019 నుండి ములుగు జిల్లాలో ఉన్నాయి. అక్కడి కోయ కుటుంబాలు ఎండాకాలంలో ఇప్పపూలు, తునికి పండ్లు, మొర్రి పండ్లు ఏరుకుంటాయి. చలికాలంలో ఉసిరి, కరక్కాయ. కోయ గూడేల్లో కొత్తల పండుగలున్నాయి. కొత్త పంటనూ, కొత్త మామిడినీ ముందు వేల్పులకు సమర్పించి, ఆ తరువాతే తింటారు. వారి మతం వేరు. కాని "ఇది నాకు ఇవ్వబడింది" అనే ఎరుక ఆ ఆచారంలో ఉంది. పండుగ వచ్చేదాకా ఎవరూ తొందరపడనక్కరలేదు. కాయ పక్వానికి రావడానికి కాలం దొరుకుతుంది.

అడవిలోనూ అంతా మంచే జరుగుతోందని చెప్పలేను. సారపప్పుకు మంచి ధర ఉండటంతో మొర్రికాయను పండకముందే, కొమ్మలు విరిచి మరీ కోసేవారున్నారు. తపసి చెట్టుకు పైపైన గాటు పెడితే గాయం మానుతుంది. బంక కోసం లోతుగా నరికితే చెట్టే చస్తుంది. "నేను కోయకపోతే ఇంకొకడు కోస్తాడు" అన్న భయమే దీనికి మూలం. పేదవాణ్ణి ఆ భయంలోకి నెట్టేది ఆకలి. మూడు పూటలా తినే నన్ను నెట్టిందేమిటి?

ఆ మాటను కొంచెం పరీక్షించి చూడండి. పొరుగువాడు ఇంకా చేయని తప్పును ముందే అతని మీద మోపి, దాన్నే సాకుగా పెట్టుకుని ఆ తప్పు మనమే చేస్తున్నాం. అతని అత్యాశ మన అత్యాశకు కొలబద్ద అవుతోంది.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. దారిలో పక్షి గూడు కనబడితే పిల్లలను తీసుకోవచ్చు, తల్లిని మాత్రం విడిచిపెట్టాలి. దొరికినదాన్ని ముట్టవద్దని దేవుడు అనలేదు. మళ్లీ పెట్టగలిగినదాన్ని తుడిచిపెట్టవద్దన్నాడు. పండు కోయండి, కొమ్మ ఉంచండి. దుంప తవ్వండి, తీగ మొదలును మళ్లీ మట్టిలో పెట్టండి.

ఒక్కరి నిగ్రహం చాలదు. పక్కవాడూ ఆగుతాడన్న నమ్మకం కావాలి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయంపై గిరిజనులకు హక్కునిచ్చి, అడవిని కాపాడుకునే అధికారాన్ని గ్రామసభకూ ఇచ్చింది. హక్కూ కాపుదలా కలిసే ఉండాలని దాని భావం. మన ఊళ్లలోనూ, మన గుడి ఆవరణలోనూ ఇలాంటి ఒప్పందం పెద్దలు కూర్చుని చేసుకోలేమా?

ఒక రైతు ఇంటి దగ్గర తిప్పతీగ ముక్క అడిగి తెచ్చి మా గోడ పక్కన నాటాను. ఇప్పుడు చిగురించి పాకుతోంది. ఆ ముసలమ్మ మాత్రం మళ్లీ రాలేదు. ఆ తరువాతి ఏడాది ఆమెకు అంత్యక్రియలు నేనే జరిపాను. చెట్టు ముందు చెయ్యి చాచినప్పుడు ఆమె మాట గుర్తుకొస్తుంది. మూరెడన్నా ఉంచుదాం.