పట్టిన ప్రాణికి పెట్టిన తిండి

ఒక ప్రాణిని పట్టి తెచ్చి, దానికి తిండి పెట్టి పోషించుట దయ యగునా, కాదా? ప్రశ్న చిన్నదిగా తోచును. ఇచట ప్రాణియు చిన్నదే. చిటికెనవ్రేలి గోరంత తల, ఆ వ్రేలి పొడవైనను లేని దేహము గల బల్లిపిల్ల. కాని దయను ధర్మమునకు పునాదిగా బోధించిన బసవేశ్వరుని మార్గమున నడచుచున్నామని చెప్పుకొను మనము, దయ యను పేర చేయుచున్న పనులలో దయ యెంత, మన ముచ్చట యెంత యని విడదీసి చూచుకొనక తప్పదు. అందులకు బల్లిపిల్ల వంటి ప్రాణియే తగినది. పాడియావును మేపునప్పుడు దయయు లాభమును పాలును నీరును వలె కలిసిపోవును. కుక్కకు పెట్టిన ముద్దలో ఇంటి కాపలా యాశ కొంత కలదు. బల్లివలన మనకు వచ్చునదేదియు లేదు.

కర్నూలు, కడప ప్రాంతములలో ఇది ఊహించి వేసిన ప్రశ్న కాదు. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోనికి పోయిన బేతంచెర్లయందును, కడప జిల్లా ఎఱ్ఱగుంట్ల పరిసరములందును నాపరాతి గనులయొద్ద బండలను దొంతరలుగా పేర్చియుంచుదురు. ఆ బండల సందులు బల్లులకును నలికిరులకును కాపురములు. కూలివాడు పైబండ నెత్తగానే పిల్ల బయటపడును. ప్రక్కనున్న బాలుడు దానిని దోసిట బట్టి గాజుసీసాలో వేయును, రేకుమూతకు మేకుతో రెండు బెజ్జములు పొడుచును, ఇంటికి పోయి తల్లి నడుగును: "అమ్మా, దీనికేమి పెట్టవలెను?"

తల్లి చీదరించుకొనుట సర్వసామాన్యము. మన పంచాంగములలో బల్లిపాటు ఫలములకు ప్రత్యేకముగా పట్టికలే యున్నవి. తలపై పడిన నొక ఫలము, భుజముపై పడిన వేరొక ఫలము, పురుషుల కొకటి, స్త్రీల కొకటి. కంచి వరదరాజస్వామి కోవెలలో కప్పునకున్న బంగారుబల్లిని, వెండిబల్లిని తాకి వచ్చినచో ఈ దోషము పోవునని జనుల నమ్మకము. తాకి వచ్చినవారిని తాకినను చాలునట! ఇష్టలింగమును దేహముపై ధరించినవారికి, గోడమీది ప్రాణి కాలుజారి మీద పడినంత మాత్రమున ఏ దోషము చుట్టుకొనునో నాకు బోధపడదు. రాతినాగునకు పాలుపోసి, ప్రాకివచ్చిన నాగును కొట్టుమను లోకరీతిని బసవేశ్వరుడు ఎత్తిపొడిచెను. లోహపుబల్లికి మ్రొక్కి, గోడబల్లిని చీపురుతో కొట్టుటయు ఆ కోవలోనిదే. కనుక ఆ తల్లి చీదర కంటె బాలుని ప్రశ్న ఎంతయో మేలైనది. అది ఎదుటిప్రాణి ఆకలిని గూర్చిన ప్రశ్న.

అయినను దానికి సరియైన సమాధానము చెప్పుట అంత తేలిక కాదు. అన్నపుమెతుకులు, పాలచుక్కలు, రొట్టెముక్కలు బల్లిపిల్లకు తగిన తిండి కావు. అది కదలుచున్న పురుగును చూచి పట్టి తినును. చీమలు, చెదలు, దోమలు, చిన్న రెక్కలపురుగులు దాని యాహారము. దాని రెండు కన్నుల నడిమి వెడల్పును మించిన పురుగును పెట్టరాదు. గిన్నెలో నీరు పోసియుంచిన అది గుర్తింపదు. సీసాగోడపై చిలుకరించిన తుంపరలను నాలుకతో నాకి దప్పి తీర్చుకొనును. ఒకే రకపు పురుగులను నెలల తరబడి పెట్టినచో ఒంటికి సున్నము చాలక యెముకలు వంగును. దాని రక్తమునకు మనవలె సొంత వెచ్చదనము లేదు. చుట్టును వెచ్చగా నున్నగాని తిన్నది అరుగదు. అట్లని మూసిన గాజుసీసాను రాయలసీమ యెండలో పెట్టినచో గడియసేపటిలో అది ఉడికి చచ్చును. తోక పట్టుకొన్నచో తోక తెగిపోవును. మరల మొలుచునుగదా యని పిల్లలు నవ్వుదురు. ఆ తోకయే దాని కొవ్వు దాచుకొన్న గాదె యని, మొలిచిన తోకలో మునుపటి యెముకలు రావని వారికెవరు చెప్పుదురు?

ఇన్ని సంగతులను వ్రాయుటకు కారణము కలదు. తెలియనివాని దయ వలన కలుగు కీడు వెంటనే కనబడదు. కోడిపిల్ల ఆకలిగొన్న అఱచును. దూడ ఆకలిగొన్న అంబా యనును. బల్లిపిల్ల యఱవదు. దానికి రెప్పలు లేవు గనుక కన్నులు మూయదు. కొద్ది తిండితోనే దేహము నిలుపుకొను ప్రాణి గనుక వెంటనే చావదు. వారము గడచినను సీసాగోడకు అంటిపెట్టుకొనియే యుండును. చూచువాడు "హాయిగా నున్నది" యనుకొనును. అది హాయిగా నుండుట కాదు, మెల్లగా ఎండిపోవుట. మాటలేని ప్రాణి యోర్పును తృప్తిగా భావించుట మనుష్యుల యెడలను మనము చేయు పొరపాటే. ఇంటి పనికత్తె మారుపలుకనిచో, ఆమెకేమియు కొఱత లేదని యనుకొందుము.

ఇక సరియైన తిండియే పెట్టినా మనుకొందము. అప్పుడైనను అది దాసోహ మగునా? కాదని నా యభిప్రాయము. శరణులు దాసోహమును కాయకముతో ముడివేసిరి. ఎవనికి వాడు తన శ్రమచే సంపాదించి, అందుండి జంగమునకు సమర్పించుట ఆ ముడి. ఆ మాట మనుష్యులకై చెప్పినదే, బల్లికి కాయకమేమని అడుగువారుందురు. శాస్త్రార్థముగా గాక నా పోలికగా చెప్పుచున్నాను: సందులో పొంచియుండి, అదను చూచి, తన నోటితో తాను తెచ్చుకొన్నది దాని కూడు. దాని నుండి ఆ పొంచుటను, ఆ పరుగును లాగికొని, బదులుగా రోజు కొక చీమను పడవేయుట, చేనిని లాగికొని గంజి పోయుట వంటిది. మొదట బంధించి తరువాత పెట్టిన కూటిని లోకము చెఱసాల కూడందురు. కల్యాణనగరమున రాలిన బియ్యపుగింజలు ఏరుకొనుట కాయకముగా గల ఆయ్దక్కి మారయ్య, ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినందులకు, ఆయన యిల్లాలు లక్కమ్మ ఎక్కువైన బియ్యమును తిరిగి అచటనే పోసి రమ్మన్న కథ మన యిండ్లలో తెలియనివారు లేరు. ఆమె యెదుట ఈ సీసాను పెట్టినచో ఏమనునో ఊహించుట కష్టము కాదు.

ఇందులో మఱియొక చిక్కు కలదు. నన్ను చాలకాలము తికమక పెట్టినది ఇదియే. బల్లిని పోషింపవలెనన్న చీమలను, చెదలను, సాలెపురుగులను తెచ్చి దానిముందు విడువవలెను. శాకాహారముతో జీవించు శివభక్తుని యింట బాలుడు పురుగుల రెక్కలు పెఱికి సీసాలో వేయుచుండును! శ్రీకాళహస్తి పేరులోని మొదటి యక్షరము సాలెపురుగుదే. శివుని కొలిచి ముక్తి నందిన ఆ పురుగు జాతిని బల్లి నోట వేయుటకు చేయి యెట్లు వచ్చును? అడవిలో నైనను అది పురుగులనే తినుచున్నదిగదా యని యందురు. నిజమే. కాని అడవిలో సాలెపురుగునకు ఎనిమిది కాళ్ళును, పాఱిపోవుటకు దారియు నున్నవి. సీసాలో పాఱిపోవుదారి లేదు, చంపించిన చేయి మనది. అట్లని పురుగులను పెట్టక పస్తుంచుట అంతకంటె పాపము. పట్టినవాడు రెండు హింసల నడుమ తనంత తానై నిలిచినాడు. ఇచట ఏ పనియు శుద్ధము కాదు. పట్టకుండుట యొక్కటియే శుద్ధము.

అధిక జ్ఞానము గలవారి చేతులలో నైనను అడవిప్రాణి బ్రతుకునని నమ్మకము లేదు. కడప జిల్లా కలివికోడి యిందుకు సాక్ష్యము. 1848లో లోకమునకు తెలిసిన ఆ పక్షి 1900 తరువాత ఎవరికిని కనబడక, అంతరించినదనిపించుకొన్నది. 1986 జనవరిలో రెడ్డిపల్లె యొద్ద మరల దొరికినది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు ఎంతయో కాలముగా వెదకించుచుండిరి. రాత్రివేళ సజీవముగా పట్టుబడిన ఆ పక్షి మనుష్యుల చెంత నిలువలేక కొద్దికాలములోనే మరణించినది. ఎవరిని తప్పు పట్టుటకును ఈ మాట చెప్పుట లేదు. ఆ దొరకుట వలననే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడినది. కాని ఆ యొక్క పక్షికి మన యాదరము సరిపోలేదు.

బల్లులలోను అట్టి యపురూపమైనది కలదు. శేషాచల శ్రేణిలో, నీటివాగుల ప్రక్కనున్న చల్లని రాతిచీలికలలో నివసించు బంగారుబల్లిని 1870లో బెడ్డోమ్ అను నాంగ్లేయుడు తిరుపతి కొండలనుండి శాస్త్రలోకమునకు పరిచయము చేసెను. కంచిలోని బంగారుబల్లిని తాకుటకు పోవువారిలో పలువురు ఆ కొండల క్రిందుగానే ప్రయాణము చేయుదురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని, ఉడుమును పట్టరాదని శాసించుచున్నది. చట్టభయముచే విడుచుట మంచిదే. మనకు చట్టమునకు పూర్వమే భృత్యాచారము కలదు. సేవకుడు తా సేవింపదలచినదానిని సీసాలో బంధింపడు.

గాయపడినదాని సంగతి వేరు. తలుపుసందున నలిగినదో, పిల్లి నోటినుండి జారినదో, నీటితొట్టిలో పడి వడలినదో కంటబడినచో విడిచి పోరాదు. నీడయు గాలియు గల పెట్టెలో ఒక పెంకుముక్క క్రింద దానికి చోటిచ్చి, నీటితుంపరలు చిలికి, రెండు మూడు దినములు ప్రాణముగల చిన్నపురుగులను వాటి రెక్కలు పెఱుకక వదలవలెను. తినకున్నను బలవంతముగా నోరు తెఱువరాదు. కోలుకొన్న దినముననే విడువవలెను. "ఇంక కొన్నాళ్ళు" అను మాట దగ్గర దయ ముగిసి ముచ్చట మొదలగును.

బాలుని చేతినుండి సీసాను లాగికొని తిట్టుటయు తగదు. వాని మనస్సున మొలచినది ప్రేమయే. అది తనది కావలెనను కోరిక దానికి చుట్టుకొన్నది, అంతే. ఆ కోరికను విప్పవలెనుగాని మొలకను పెఱుకరాదు. తొలకరి వాన పడిన రాత్రి, వీధిదీపము చుట్టును ఉసిళ్ళు లేచినప్పుడు వానిని అరుగుమీద కూర్చుండబెట్టి గోడ చూపుడు. బల్లి యెట్లు నక్కునో, ఎట్లు దూకునో, నాలుకతో కన్ను నెట్లు తుడుచుకొనునో వాడు గంటసేపు కదలక చూచును. సీసాలో వాడిది ఎన్నడును చూచియుండడు.

పిమ్మట విడుచుట. గోడబల్లి జాతిదైనచో ప్రొద్దుగ్రుంకిన తరువాతను, పగటివేళ తిరుగు నలికిరి, తొండ పిల్లలైనచో ఉదయపుటెండ పడిన తరువాతను విడువవలెను. బాలునిచేతనే సీసా మూత తీయించి, ఏ బండసందున పట్టెనో ఆ సందువైపు మూతి యుండునట్లు నేలపై పరుండబెట్టి, దూరముగా నిలువుమనవలెను. కొట్టి వెడలింపరాదు, అది తనంత తాను పోవును. ఆ దొంతర అప్పటికే అమ్ముడుపోయి లారీ కెక్కనున్నదైనచో, దాని ప్రక్కనున్న పాతదొంతరనో, గనిగట్టునందలి కదలని రాతిసందునో ముందుగా చూచిపెట్టుకొనవలెను.