లేఖలో లేని మనిషి

పత్రికలో న్యాయసందేహములకు బదులు వ్రాయు పని మీదపడిన నాటినుండి, కర్నూలు, కడప జిల్లాలనుండి వచ్చు ఆస్తితగవుల లేఖలను ఒక్క పఠనముతో గ్రహింపగలిగినది అరుదు. "మా జేజినాయన సంపాయించిన చేను సార్, చిన్నాయన దున్నుతాండాడు, పాసుబుక్కు పెదనాయన పేర ఉంది, బాయి తవ్విచ్చింది మా నాయన, హక్కు ఎవరిది?" అని కడప ప్రాంతపు పాఠకుడొకడు వ్రాసెను. ఒక్క వాక్యమున నలుగురు యజమానులు!

దీనిని గందరగోళమని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. వానలు కరవైన మెట్టసీమలో బండ పగులగొట్టి బాయి త్రవ్వించినవాడు, ఏటేట శెనక్కాయ విత్తి అనుభవమున నున్నవాడు, ఇంటిపెద్దయై సర్కారు ఖాతాకెక్కినవాడు వేర్వేరుగా నుండుట సహజము. 1800లో నిజాము కుంపిణీకి దత్తమొనర్చిన ఈ మండలములలో మన్రో దొర పాదుకొల్పిన రైతువారీ లెక్కలు, శిస్తు ఎవరినడుగవలెనో తెలియుటకే గాని, అన్నదమ్ములలో ఎవరి పాలెంతయో తేల్చుటకు పుట్టినవి కావు. అయినను పట్టాలో పేరున్నవాడే సొంతదారుడను నమ్మిక మన పల్లెలలో చెక్కుచెదరలేదు.

నన్ను కలచునది వేరొకటి. ఇట్టి లేఖలలో లెక్క కుదరనపుడు ఎవరో ఒకరు విడువబడియుందురు. తరచుగా ఆ మనిషి ఇంటి ఆడపడుచే. అల్లుని ఇంటికి తెచ్చుకొని ఆస్తిలో పాలిచ్చు ఇల్లటము సంగతియే చూడుడు: బళ్లారి, కర్నూలు సీమల మోటాటి కాపులలో ఈ ఆచారము చెల్లునని మదరాసు హైకోర్టు 1881లోనే అంగీకరించెను గనుక, మామ ఆస్తిలో తమకెంత రావలెనో ఇల్లటపుటల్లుండ్రు ధీమాగా వ్రాయుదురు, ఎవరిని చేపట్టినందున ఆ హక్కు వచ్చెనో ఆమె పేరైనను కానరాదు.

కడప పాఠకుని నేనడిగితిని: మేనత్తలెందరు? జేజినాయన వీలునామా వ్రాసెనా, ఎప్పుడు గతించెను? "మేనత్తలు ముగ్గురు, పెండ్లిళ్లు చేసి పంపిచ్చినాము గదా" అని జవాబు. జేజినాయన 1956 నాటి వారసత్వ చట్టము వచ్చిన పిమ్మట వీలునామా లేక గతించియున్నచో, స్వార్జితమైన ఆ చేనిలో ఆ మువ్వురికిని కొడుకులతో సమభాగము కలదు, పెండ్లి దానికడ్డురాదు. పిత్రార్జితమైనచో కథ వేరు. మన రాష్ట్రము 1985 సెప్టెంబరు 5 నుండి కూతుండ్రకు పుట్టుకతో హక్కునిచ్చినను, అప్పటికే పెండ్లియైనవారిని వెలుపల నిలిపెను. 2005లో కేంద్రము ఆ అడ్డు తొలగించెను గాని, 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన భాగపత్రములను ముట్టలేదు. మన సీమలో రచ్చకట్టపై పెద్దల నడుమ నోటిమాటగా పంచుకొన్న పాళ్లే మిక్కుటము. వాటికి ఆ రక్ష సులభముగా దొరకదు.

జేజినాయన గతించిన సంవత్సరము తెలిపినచో మిగిలినది చెప్పుదునని వ్రాసితిని. మరల వచ్చిన దీర్ఘలేఖలో పెదనాయన చేసిన అన్యాయమే గాని ఆ సంవత్సరము లేదు.