నడిమింటి ఆకాశం ఎవరిది?

ఇంటి నడుమ కప్పు లేకుండా వదిలిన జాగాలో దైవత్వం ఉందా, లేక అది గాలీ వెలుతురూ కోసం పెద్దలు చేసుకున్న ఏర్పాటేనా? 1930లో సికింద్రాబాదులో పుట్టిన ఆర్కిటెక్ట్ ఛార్లెస్ కొరియా కట్టడాలు చూస్తే, ఈ ప్రశ్నను వాస్తు పండితులకు వదిలెయ్యబుద్ధి కాదు. గోవా క్రైస్తవ కుటుంబం, అమెరికాలో చదువు. అయినా 1980లలో బెంగళూరు కోరమంగళలో కట్టుకున్న సొంత ఇంటిని నడిమి ముంగిలి చుట్టూనే అల్లాడు. జైపూరు జవహర్ కళా కేంద్రానికి నవగ్రహ మండలమే ప్లాను. తొమ్మిది చదరాల్లో సూర్యుడిదైన నడిమి చదరం ఆకాశానికి వదిలేశాడు. ఒక చదరాన్ని మాత్రం పక్కకు జరిపాడు, జైపూరు నగరం ప్లానులో కొండ అడ్డొచ్చి ఒక చదరం జరిగినట్టే. కొలతలోనే మహిమ ఉందని నమ్మేవాడు ఆ పని చెయ్యడు. నడిమి ఖాళీని మాత్రం అతను కదల్చలేదు.

ఇదంతా ఎండ నుంచి కాపుదలేగా అనవచ్చు. నిజమే, అహ్మదాబాదులో అతని ట్యూబ్ హౌస్‌లో వేడిగాలి వాలు కప్పు వెంట ఎక్కి పైనుంచి బయటికి పోయేది. దానికి దేవుడి ప్రసక్తి అక్కర్లేదు. కానీ చల్లదనమిచ్చే చోటే తులసికోట పెట్టుకున్న మనవాళ్ళ భక్తి, ఆ చోటుకు ఉపయోగం ఉన్నంత మాత్రాన అబద్ధమైపోదు. అసలు చిక్కు వేరే ఉంది. మండువా లోగిట్లో వాన నేరుగా పడేది గానీ, అందులో కాలుపెట్టే హక్కు కులాన్ని బట్టి ఉండేది. కర్ణాటకలో బంగారుపేట పక్కనే ఉన్న కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో దొరల బంగళాలకు తోటలుండేవి. మూడు కిలోమీటర్ల లోతు గనిలో వెలుగెరగక పనిచేసి వచ్చినవాడికి కూలీల లైన్లలో ఇరుకు గది ఉండేది. ఆకాశం పవిత్రమైతే ఈ పంపకం ఏ శాస్త్రంలోది?

కొరియా జవాబు నవీ ముంబయి బేలాపూర్‌లో అతను రూపొందించిన ఇళ్ళ కాలనీలో ఉంది. ఉమ్మడి ముంగిలి చుట్టూ ఏడేసి ఇళ్ళు, ఎవరి గోడ వారిదే, ఎవరికి వారికి ఆరుబయలు. ఆదాయాల్లో ఉన్నంత తేడా స్థలాల్లో లేదు. తర్వాత చాలామంది పాత ఇళ్ళు పడగొట్టి అంతస్తులు లేపారు కాబట్టి ప్రయోగం విఫలమైందంటారు. ఇళ్ళు పెరుగుతాయని అతను ముందే లెక్కవేసుకున్నాడు. పక్కవాడి వెలుతురును మింగి పెరగడం మాత్రం ఆ లెక్కలోది కాదు. బంగారుపేటలో థర్టీ ఫార్టీ సైటులో ఈశాన్యం మూల తగ్గకూడదని మేస్త్రీతో గంటసేపు వాదించే యజమాని, పక్కింటి కిటికీ మూసుకుపోయేలా రెండో మిద్దె లేపితే, వాస్తు ఎంత కుదిరినా ఆ ఇంట్లో పవిత్రత ఉందని నేననను.