మోయువాని చెమట, బిడ్డ చలి

ద్వితీయోపదేశకాండము 1:31, ఆదికాండము 33:13, 14



మోషే తన కడపటి దినములలో మోయాబు దేశమున నిలిచి, ఇశ్రాయేలీయులకు వారు నడచివచ్చిన త్రోవను జ్ఞాపకము చేసెను. తండ్రి బిడ్డను మోయు రీతిగా దేవుడు వారిని ఆ త్రోవ పొడుగున మోసెనని ఆయన చెప్పిన సంగతిని మనము త్వరగా చదివి దాటిపోవుదుము. రెండేండ్ల బిడ్డను ఎత్తుకొని ఒక్క కొండ ఎక్కినవాడు అట్లు దాటిపోలేడు. ఇంటి వాకిట తేలికగానుండు బిడ్డ, ఎక్కుడు త్రోవలో అరగంటకే ధాన్యపు బస్తా యగును.

మన ఇండ్లలో బిడ్డను చంకనెత్తుకొందుము, లేదా ఉప్పుమూట ఎక్కించుకొందుము. మన్యపు తల్లులు గుడ్డతో వీపునకు కట్టుకొని సంతకు నడతురు. 1960ల ఆరంభమున అమెరికా పీస్ కోర్ పక్షమున టోగో దేశమునకు వెళ్లిన ఏన్ మూర్ అను నర్సు, అక్కడి తల్లులు అట్లే బిడ్డలను కట్టుకొనుటయు, ఆ బిడ్డలు నెమ్మదిగా నుండుటయు చూచెను. స్వదేశమునకు మరలి తనకు కుమార్తె పుట్టినప్పుడు తన తల్లి సహాయముతో అట్టి సంచిని సిద్ధపరచుకొనెను. స్నగ్లీ అను పేరు పొందిన ఆ సంచికి 1969లో పేటెంటు లభించెను. పెద్ద దేశము బీద తల్లుల యొద్ద నేర్చుకొనిన పాఠమిది.

కొండ నడకకు నేడు వాడుచున్నది మరియొక విధము. అల్యూమినియపు చట్రము, బిడ్డ కూర్చుండుటకు పీట, పాదములు మోపుటకు పట్టీలు, మోయువాని నడుమునకు వెడల్పాటి పట్టీ ఉండును. బరువు భుజములమీద కాక తుంటిమీద పడవలెనని ఆ ఏర్పాటు. ఉత్త చట్రమే సుమారు 3 కిలోలుండును. బిడ్డయు నీళ్లును బట్టలును చేరగా 15 కిలోలు దాటును. తనంతట తాను స్థిరముగా కూర్చుండలేని పసికందును దీనిలో పెట్టరాదు. పట్టీలు బిగించకుండ మోయువాడు ముందుకు వంగిన యెడల, బిడ్డ వాని తలమీదుగా జారిపడవచ్చును. క్రిందికి వ్రేలాడు కొమ్మ మోయువాని తలకు తగలకపోయినను బిడ్డ ముఖమునకు తగులును. తన ఎత్తును మాత్రమే చూచుకొని నడచువాడు ఈ పనికి తగడు.

ఒక డిసెంబరు నెలలో, హైదరాబాదులో ఉద్యోగము చేయు మా సంఘపు యౌవనుడొకడు ఇట్టి సంచిలో తన కూతురును మోసికొని అరకు ప్రాంతమున ఒక కొండ ఎక్కుచుండగా మేమును వెంట నడిచితిమి. ప్రతి 1000 మీటర్ల ఎత్తునకు వేడిమి సుమారు 6 డిగ్రీలు తగ్గును. అరకు లోయయే సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. పైన గాలి వీచుచుండెను. అతని తల్లి వెనుక నడచుచు మనుమరాలి పాదములు ముట్టి, “ఒరే నాయనా, ఆగు. పిల్ల కాళ్లు మంచులా ఉన్నాయి” అనెను.

“చలెక్కడిదమ్మా? నాకు చెమటలు కారిపోతున్నాయి” అని అతడనెను.

“నీకు కారతాయిరా. నువ్వు నడుస్తున్నావు. అది కూర్చుంది.”

అంతే. అతడు సంచి దింపెను. బిడ్డకు మేజోళ్లు తొడిగి, నేలమీద కొంతసేపు ఆడనిచ్చిరి. కదలక వ్రేలాడు కాళ్లు తిమ్మిరెక్కును; అందుచేత మధ్యమధ్య దింపుట అవసరము. బిడ్డ మాటలు రానిది, ఏడ్చుట తప్ప మరేమి చెప్పగలదు? శిఖరము ఇంక పావుగంట దూరమున కనబడుచుండెను. అక్కడినుండియే దిగివచ్చితిమి.

మన దేవుడు తన బలమునుబట్టి మన చలిని కొలుచువాడు కాడు. అదే అధ్యాయము 33వ వచనము చూడుడి. వారు గుడారములు వేసికొనుటకు తగిన చోటు వెదకుచు ఆయన ముందు నడిచెనట. దింపుటకు చోటు వెదకుటయు మోయుటలో భాగమే. అయినను మోయబడిన ఆ ప్రజలే, 27వ వచనము ప్రకారము, తమ గుడారములలో కూర్చుండి దేవుడు మనలను ద్వేషించుచున్నాడని సణిగిరి. వీపు సంచిలోని బిడ్డకు తండ్రి ముఖము కనబడదు, మెడ వెనుక భాగమే కనబడును. మోషేకు సహితము దేవుని వెనుక పార్శ్వమే చూడ ననుగ్రహింపబడెను. కష్టములోనున్న విశ్వాసి దేవుని ముఖము కనబడుటలేదని ఏడ్చినప్పుడు, ఇతడు అవిశ్వాసి అని వెంటనే తీర్పు తీర్చకుడి. ముందు పాదములు ముట్టి చూడుడి.

దీనిని సంఘ పెద్దలు ముఖ్యముగా ఆలోచింపవలెను. కొన్ని సంఘములలో కోతపండుగనాడు ఎవరెవరు ఎంత అర్పించిరో పేరుపేరున బిగ్గరగా చదువుదురు. పదివేలు వ్రాయించినవారికి అది ఉత్సాహమే. చేను ఎండి, అప్పు తెచ్చి విత్తనము కొనిన యింటివారు తమ యాభై రూపాయలు చదువబడునప్పుడు తల వంచుకొందురు. మరుసటి యేడు ఆ ఆదివారము రారు. ఎందుకు రాలేదని అడిగిన, పెద్దలు భక్తి చల్లారినదందురు. చల్లారినది వారి భక్తియో, మరేమియో, ఆ యింటికి వెళ్లి చాపమీద కూర్చుండి అడిగినవారెవరు? పట్టీ చదువుట మానిన యెడల కానుక తగ్గునని భయపడుదురు. తగ్గిన తగ్గనీ.

ఏశావు తన నాలుగు వందలమందితో కలిసి నడువుమని యాకోబును పిలిచినప్పుడు, యాకోబు, పిల్లలు పసివారనియు, పశువులు పాలిచ్చునవనియు, ఒక్క దినము వడిగా తోలిన యెడల మందయంతయు చచ్చుననియు చెప్పి, పిల్లల నడక కొలది మెల్లగా వచ్చెదననెను. యాకోబు అక్కడ పూర్తి సత్యము పలికెనా అని అడుగువారున్నారు. ఆ ప్రయాణములో అతడు శేయీరునకు వెళ్లినట్లు వ్రాయబడలేదు. అది వేరు సంగతి. పిల్లలనుగూర్చి చెప్పినది మాత్రము నిజమే. ఏశావు ఆ దినమే తన త్రోవను మరలిపోయెను. యాకోబు సుక్కోతు వరకు వెళ్లి, ఇల్లు కట్టించుకొని, పశువులకు పాకలు వేయించెను.